తొంభై ఏడో పన్ను

పెద్ద వరద వచ్చి పోయిన మూడో ఏడు అది. గోడల మీద బురద గీత ఇంకా గుండెల ఎత్తున కనిపిస్తూనే ఉంది. ఆ ఏడు ఎండలు ముదురుతుండగా పిండి మిల్లులో మేస్త్రీ చనిపోయాడు. మిషను నడుస్తుండగా పెద్ద పళ్ళ చక్రానికి ఒక పన్ను విరిగింది. చక్రం ఎగిరిపడింది. దాని మీది ఇనప మూత ఊడొచ్చి మేస్త్రీ ఛాతీకి తగిలింది. మనిషి మళ్ళీ మాట్లాడలేదు. పొద్దు వాలకముందే పోలీసులు వచ్చి, చక్రాలకి చమురు పోసేవాణ్ణి పట్టుకుపోయారు. ఊరంతా వాణ్ణి చమురన్న అనేది.

మర్నాడు పొద్దున్నే చమురన్న పెళ్ళాం వచ్చి నిదానం గుమ్మంలో నిలబడింది.

నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టింది. ఆయన డిటెక్టివు. చెప్పులు కుట్టే కొట్టు మీద ఒక్క గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. వాటిలో ఒకటి కుంటిది. వచ్చినవాళ్ళకి మంచిది ఇచ్చి తను కుంటిదాని మీద కూర్చుంటాడు. ఎవరేం చెప్పినా వెంటనే బదులు రాదు. "ఇల్లు అంటుకుందని చెప్తే, అగ్గిపెట్టె ఎవరిదని అడుగుతాడు" అని ఊళ్ళో నవ్వుకుంటారు.

"మా ఆయన చంపలేదు బాబాయ్," అంది ఆ అమ్మాయి కూర్చోకుండానే.

"చంపాడని ఎవరన్నారు?"

"ఇన్‌స్పెక్టరు. చక్రంలో బోల్టు పడేశాడంట. రేపు పదింటికి కోర్టులో నిలబెడతారంట. హత్య అని రాశారంటే ఇంక బెయిలు కూడా రాదంట. బాబాయ్, ఆయన పక్కింటి తలుపు కిర్రుమన్నా తట్టుకోలేడు, చమురు డబ్బా పట్టుకుని వెళ్ళిపోతాడు. అలాంటి మనిషి నడిచే మిషన్లో ఇనుము వేస్తాడా?"

నిదానం ఆమె చేతుల వంక చూశాడు. గోళ్ళ సందుల్లో తెల్లగా పిండి.

"నువ్వూ మిల్లులోనేనా?"

"ఆ మిల్లు కాదు. వంతెన అవతల చిన్న మిల్లు. ఊడ్చే పని, ఈమధ్యే చేరాను. ఆయన లోపల, నేను బయట ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదుగా."

"సరే, నువ్వు పనికెళ్ళు. నేను స్టేషనుకెళ్తా."

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, కిటికీలోంచి రోడ్డు మీది లారీల నెంబర్లు చూస్తున్నాడు. ఆయనకి అదొక పిచ్చి. చిన్నప్పుడు లెక్కల్లో బహుమతులన్నీ ఎగరేసుకుపోయినవాడు. కంటికి ఏ నెంబరు కనిపించినా దాన్ని భాగించి ముక్కలు చేసేదాకా నిద్ర పట్టదు. కానిస్టేబుళ్ళు ఆయన ఎదుట ఫోన్ నెంబర్లు చెప్పుకోడానికి జంకుతారు.

"ఏం పెద్దాయనా! శవం చల్లారకముందే వచ్చేశారు. ఈమధ్య తొందర నేర్చారా?"

"నీ దగ్గరే నేర్చుకున్నానబ్బాయ్. నిన్న మధ్యాహ్నం మనిషి పోయాడు, సాయంత్రానికి నీకు హంతకుడు దొరికాడు."

'అబ్బాయ్' అన్న మాట ఇన్‌స్పెక్టరుకి పడదు. పైగా ఇంతకుముందు రెండు కేసుల్లో నిదానం వల్ల తన పరువు పోయిందన్న మంట లోపల రగులుతూనే ఉంది. సొరుగు లాగి ఒక బోల్టు తీసి ఠంగుమని బల్ల మీద పడేశాడు.

"ఇదిగో. చక్రం కింద గుంటలో దొరికింది. మేనేజరు స్వయంగా తీసి చూపించాడు. ముందురోజు వీడు మేస్త్రీతో గొంతు చించుకుని పోట్లాడాడు. మిల్లు మిల్లంతా విన్నది. ఇంకేం కావాలి మీకు?"

నిదానం బోల్టు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మరలు ఒక్కొక్కటే గోటితో తడిమాడు.

"దాంతో మాట్లాడుతున్నారా ఏంటి?"

"అదే మాట్లాడట్లేదు. నడిచే చక్రం పళ్ళ మధ్య పడ్డ ఇనుము ఎలా ఉండాలి? కుక్క నమిలిన బొమికలా ఉండాలి. దీనికి ఒక్క గాటు లేదు. కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది."

ఇన్‌స్పెక్టరు ఆ బోల్టు లాక్కుని చూశాడు. రెండో చూపు కొంచెం ఎక్కువసేపే పట్టింది.

"గాటు పడకుండా జారిపోయి ఉండొచ్చు. సరే, మీరే చెప్పండి. మణికట్టంత లావు ఇనప పన్ను, దానంతటది విరుగుతుందా? దేనికో తగలకుండా?"

"విరగదు. ఆ మాట నిజమే. అందుకే వాణ్ణి రెండు మాటలు అడగనీ."

చమురన్న లాకప్పులో గోడకి ఆనుకుని ఉన్నాడు. చేతులకి నల్లటి జిడ్డు అలాగే ఎండిపోయింది. నిదానాన్ని చూసి లేవబోయాడు.

"కూర్చో. మేస్త్రీతో గొడవేంటి?"

"చప్పుడు గురించండీ."

"ఏం చప్పుడు?"

"పెద్ద చక్రం దగ్గర. టక్, టక్, టక్ అని. మిషను ఆపి చూద్దామన్నాను. 'ఆ చమురేదో నీ చెవుల్లో పోసుకో' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అరిచాను." వాడు తల గోడకి ఆనించాడు. "మంచోడండీ ఆయన. నేను ఇంకొంచెం గట్టిగా అరవాల్సింది."

వాడు ముఖం తుడుచుకున్నాక నిదానం అడిగాడు.

"ఆ చప్పుడు ఎప్పట్నుంచి?"

"వరద తర్వాత కొత్త చక్రం బిగించాక మొదలైంది. ముందు సన్నగా ఉండేది. పోనుపోను పెరిగింది."

"చక్రం ఒక చుట్టు తిరిగితే ఎన్నిసార్లు?"

"మూడు. ఎప్పుడూ మూడే. సుద్దతో గుర్తు పెట్టి చూశా. అదే మూడు చోట్ల."

"చోటు మారదా?"

"మారదండీ, ఒట్టు. పాత చక్రం అలా కాదు. ఎప్పుడైనా చప్పుడొచ్చినా అది చక్రమంతా తిరిగేది. ఇలా ఒకచోట కాపురం పెట్టేది కాదు."

ఇన్‌స్పెక్టరు వెనక నించి నవ్వాడు. "వీడు చక్రాలకి చమురే కాదు, మనకి కథలు కూడా పోస్తాడు."

"కథో కాదో మిల్లుకెళ్తే తెలుస్తుంది."

"పదండి. నేనూ వస్తా. మీరొక్కరే వెళ్తే అక్కడున్న సాక్ష్యాలకి కాళ్ళొస్తాయి."

మిల్లు మేనేజరు ఇస్త్రీ చొక్కా మనిషి. మాట్లాడినంతసేపూ చేతిరుమాలుతో అరచేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన గదిలో గోడకి ఒక ఇత్తడి పలక మేకులు కొట్టి ఉంది. దాని మీద ఒక పెద్ద అంకె తప్ప ఇంకేం లేదు: 2,76,256.

"ఇదేంటండీ?" అన్నాడు నిదానం.

"మిషను నెంబరు. వరదకి ముందు మాకు రెండు మిషన్లుండేవి, కవలపిల్లల్లాంటివి. నీళ్ళలో ఒక దుంగ కొట్టుకొచ్చి గుంటలో దూరింది. రెండింటి పెద్ద చక్రాలూ బద్దలయ్యాయి. చిన్న చక్రాలకి చెరో పన్ను మూతి నలిగింది, అంతే. ఒకదాన్ని బాగుచేయించి నడుపుకుంటున్నాం. రెండోది అమ్మేశాం. గుర్తుగా దాని పలక ఉంచుకున్నా."

"ఇక్కడ మీరు వేసిన కొత్త చక్రం పాతదాని లాంటిదేనా?"

"అచ్చు గుద్దినట్టు అదే. వెంట్రుకవాసి తేడా లేదు." చేతిరుమాలు ఇంకోసారి తిరిగింది.

గుంటలోకి దిగారు. మిషను చల్లబడి ఉంది. మోటారుకి ఉన్న చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పుతుంది, పెద్దది మూడో చక్రాన్ని తిప్పుతుంది, మూడోది రాళ్ళని తిప్పుతుంది. అంతే దాని సంసారం. పెద్ద చక్రానికి ఒక పన్ను మొదలంటా విరిగి, ఆ చోటు బూడిదరంగులో మెరుస్తోంది. మిషను నడుముకి కూడా ఒక ఇత్తడి పలక ఉంది.

నిదానం ఆ పలక చూశాడు. మెట్లెక్కి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ దిగొచ్చాడు. మళ్ళీ ఎక్కాడు.

"పెద్దాయనా, వంటింట్లో పిల్లిలా ఆ తిరుగుడేంటి?"

"అబ్బాయ్, ఒకే నెంబరు రెండు కార్లకి ఉంటే ఏం చేస్తావ్?"

"ఇద్దర్నీ లోపలేస్తా. ఒకటి దొంగదన్నమాటే."

"పైన గోడకున్నది అమ్మేసిన మిషను పలక. ఇది ఈ మిషను పలక. రెండింటి మీదా ఒకటే అంకె."

ఇన్‌స్పెక్టరు పలక ముందు వంగి చూశాడు. ఆయన పెదవులు అప్పుడే కదలడం మొదలెట్టాయి.

"కాబట్టి ఇది మిషను నెంబరు కాదు," అన్నాడు నిదానం. "చేసినవాడు ఏదో లెక్క చెక్కించాడు. నాకు నాలుగంకెలు దాటితే కళ్ళు తిరుగుతాయి. నువ్వేమైనా విప్పగలవా?"

"నన్ను మీ గుమాస్తాగా పెట్టుకుంటున్నారా?"

"రాకపోతే వద్దులే, పెద్ద అంకె కదా."

ఆ మాట చాలింది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మెట్టు మీద పెట్టాడు. చమురన్న గుర్తులు పెట్టుకునే సుద్దముక్క కిందే ఉంది. అది తీసుకుని గుంట గోడ మీద మొదలెట్టాడు. అటు నిదానం పాత గుడ్డతో జిడ్డు తుడుస్తూ చిన్న చక్రం పళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"సరి సంఖ్య. మెత్తటిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సగం చేస్తే లక్షా ముప్పై ఎనిమిది వేల నూట ఇరవై ఎనిమిది. ఇంకా సగం, అరవై తొమ్మిది వేల అరవై నాలుగు. ఇంకా సగం, ముప్పై నాలుగు వేల అయిదు వందల ముప్పై రెండు. మళ్ళీ, పదిహేడు వేల రెండు వందల అరవై ఆరు. మళ్ళీ, ఎనిమిది వేల ఆరు వందల ముప్పై మూడు. ఇక్కడ ఆగింది. బేసి."

"చిన్న చక్రానికి ముప్పై రెండు పళ్ళు," అన్నాడు నిదానం తన ధోరణిలో.

సుద్దముక్క గోడ మీదే ఆగిపోయింది.

"ఎంతన్నారు?"

"ముప్పై రెండు."

"నేను ఐదుసార్లు సగం చేశాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు." ఇన్‌స్పెక్టరు ఇటు తిరిగాడు. కళ్ళలో వెలుగొచ్చింది. "మీరు ఆ మూడోదాని పళ్ళు లెక్కపెట్టండి. నాకు చెప్పకండి. నేనే చెప్తా."

ఎనిమిది వేల ఆరు వందల ముప్పై మూడు మహా మొండిది. మూడుకి లొంగలేదు. ఏడుకి లొంగలేదు. పదకొండు, పదమూడు, పదిహేడు, ఏది పెట్టి కొట్టినా ఎంతో కొంత మిగులుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎనభై మూడు దగ్గర ఒక్కటంటే ఒక్కటి మిగిలి ఊరించింది. ఆయన పళ్ళు కొరికాడు. ఆ తర్వాత ఎనభై తొమ్మిది పెట్టాడు. గోడ మీద సున్నా పడింది.

"విరిగింది! ఎనభై తొమ్మిదిని తొంభై ఏడుతో గుణిస్తే సరిగ్గా ఇదే! రెండూ ఇంక దేనికీ లొంగని ఘటాలు. చెప్పండి, మూడోదానికి ఎన్ని?"

"ఎనభై తొమ్మిది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో పగ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"అయితే పెద్దదానికి తొంభై ఏడు ఉండాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా.

విరిగిన పన్ను మొదలుతో సహా లెక్కపెట్టారు. నిదానం లెక్కకి తొంభై ఆరు వచ్చింది. "మీరు ఒకటి మింగేశారు" అని ఇన్‌స్పెక్టరు తనే చక్రం చుట్టూ పాకుతూ ప్రతి పన్ను మీదా సుద్దచుక్క పెట్టాడు. తొంభై ఆరే.

"ఒకటి తగ్గింది," అన్నాడు ప్యాంటు దులుపుకుంటూ. "ఒక్కటే. కానీ చూశారా ఎంత పని చేసిందో! తొంభై ఏడుకీ ముప్పై రెండుకీ పొత్తు లేదు. చిన్నదాని ఒక పన్ను పెద్దదాని ఒక పన్నుని ఒకసారి కొట్టిందంటే, మిగిలినవాటినన్నిటినీ పలకరించాకే మళ్ళీ దాని దగ్గరికొస్తుంది. అరుగుదల అందరికీ సమానం. మూడు చక్రాలూ మొదట ఎలా కలిశాయో అలాగే కలవాలంటే రెండు లక్షల డెబ్బై ఆరు వేల పైచిలుకు పళ్ళు దాటాలి. అందుకే ఆ మిషను చేసినవాడు గొప్పగా చెక్కించుకున్నాడు. కానీ తొంభై ఆరైతే? ముప్పై రెండు మూళ్ళు తొంభై ఆరు. అంత పెద్ద లెక్కా ఎనిమిది వేల అయిదు వందల నలభై నాలుగుకి కూలిపోయింది. చిన్నదాని ప్రతి పన్నూ రోజంతా, ఏడాదంతా, అదే మూడు పళ్ళని కొడుతుంది."

"అదే మూడు చోట్ల," అన్నాడు నిదానం. "టక్, టక్, టక్."

చిన్న చక్రంలో దుంగ దెబ్బకి మూతి నలిగిన పన్ను ఒకటే ఉంది. పెద్ద చక్రంలో విరిగిన పన్ను నుంచి ముప్పై రెండోది చూస్తే దాని మొదట్లో సన్నటి పగులు. ఇంకో ముప్పై రెండు దాటితే ఇంకో పగులు. మిగిలిన పళ్ళన్నీ నిన్న పోసినట్టున్నాయి.

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. టోపీతో పాటు పాత మనిషీ తిరిగొచ్చాడు.

"బాగానే ఉంది. కానీ కోర్టులో గోడ మీది సుద్దలెక్క నడవదు. ఈ పగుళ్ళు చక్రం ఎగిరిపడ్డప్పుడే వచ్చాయంటే మీ దగ్గర బదులేంటి? మొదట్నుంచీ తొంభై ఆరే ఉందని మేనేజరు అంటే?"

"నీ మనసుకి తెలుసుగా అబ్బాయ్."

"నా మనసుని బోనెక్కించరు పెద్దాయనా. రేపు పదింటిలోగా తీసుకురండి, మనిషినైనా, ముక్కనైనా. లేకపోతే నా కాగితం నేను రాసుకుపోతా. నా పని నాది."

నిదానం మెట్లెక్కి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "ఈ చక్రం పోతకి అచ్చు ఎవరు చేశారు?"

మేనేజరు నీళ్ళు నమిలాడు. "ఎవరో... ఏటి మలుపు దగ్గర ముసలి వడ్రంగి. ఎప్పటి మాటో అది."

ఏటి మలుపు దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. వాకిలి నిండా చెక్కపొట్టు. తలుపు కొడితే తీసింది చమురన్న పెళ్ళాం.

"బాబాయ్! ఇక్కడిదాకా వచ్చావా? ఆయన సంగతేమైనా తెలిసిందా? లోపలికి రా, నాన్న ఉన్నాడు."

నిదానం కాలు గడప దగ్గరే ఆగింది. "మీ నాన్న... వడ్రంగా?"

"మామూలు వడ్రంగి కాదు. ఇనుము పోత పోసేవాళ్ళకి చెక్క అచ్చులు చేస్తాడు. ఏం బాబాయ్?"

వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది ఆయనకి. కానీ లోపల్నుంచి "ఎవరమ్మా?" అని గొంతు వినిపించింది.

ముసలాయన కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. గోడలకి చెక్కతో చేసిన చక్రాలు, కప్పీలు, గొట్టాలు వేలాడుతున్నాయి. ఆ అచ్చుని ఇసకలో నొక్కి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. అల్లుణ్ణి పట్టుకుపోయిన దగ్గర్నుంచి ఆయన పని ముట్టలేదు.

"మిల్లు పెద్ద చక్రం అచ్చు మీరేనా చేసింది?"

"నేనే. ఆ తొంభై ఏడు నా తల ప్రాణం తోకకి తెచ్చింది బాబూ."

నిదానం పీట లాక్కుని కూర్చున్నాడు. "పాత చక్రానికి తొంభై ఏడున్నాయా?"

"పగిలిన ముక్కలు నేలమీద పేర్చి లెక్కపెట్టా. తొంభై ఏడే."

"మరి కొత్తదానికి తొంభై ఆరే వచ్చాయి."

ముసలాయన లేచి రెండు కాళ్ళ ఇనప కైవారం తీశాడు. పలక మీద గుండ్రంగా గీశాడు. కాళ్ళ ఎడం మార్చకుండా దాన్ని ఆ గీత మీద నడిపించాడు. సరిగ్గా ఆరు అంగల్లో మొదటికొచ్చింది.

"చూడు. ఆరు భాగాలు అదే ఇస్తుంది. సగం చేస్తే పన్నెండు. సగం చేస్తే ఇరవై నాలుగు. నలభై ఎనిమిది. తొంభై ఆరు. కళ్ళు మూసుకుని చేస్తా. తొంభై ఏడుని ఎక్కడ పట్టుకోవాలి? సగం కాదు, మూడో వంతు కాదు, దేనికీ విడిపోదు. అంచనా మీద నడిపిస్తే చివరి పన్ను ఒకసారి బొటనవేలంత లావు, ఒకసారి చిటికెనవేలంత సన్నం. ఎన్ని పలకలు పొయ్యిలో పెట్టానో. ఇంకో నెల గడువు ఇమ్మని మేనేజర్ని బతిమాలా. 'ఒక్క పన్ను తగ్గితే కొంప మునుగుతుందా? తొంభై ఆరు చేసి పారెయ్' అన్నాడు. చేశాను. ఎందుకు బాబూ, ఇప్పుడు ఆ పన్ను గొడవ?"

నిదానానికి చెప్పక తప్పలేదు. తొందరపడలేదు. చిన్న చక్రం సంగతి, నలిగిన పన్ను సంగతి, మూడు చోట్ల దెబ్బల సంగతి. ఒక్కో మాటా చేత్తో పట్టుకుని కింద పెట్టినట్టు చెప్పాడు. చెప్తున్నంతసేపూ ముసలాయన తన వేళ్ళ వంకే చూసుకుంటున్నాడు.

"అంటే మేస్త్రీని..."

"మీరు చంపలేదు. మీకు గడువిచ్చి ఉంటే తొంభై ఏడే వచ్చేది."

"అల్లుడు లాకప్పులో ఉన్నది నా..."

కూతురు గ్లాసుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతా విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. తర్వాత వచ్చి గ్లాసు తండ్రి చేతిలో పెట్టింది. గ్లాసు వదలకుండా తనూ పట్టుకుంది.

"తాగు నాన్నా. ముందు తాగు."

ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు.

"ఆ అచ్చు నా దగ్గర లేదు బాబూ. పోత పోసేవాడి దగ్గరే ఉండిపోయింది. దాంతోనే ఇంకో చక్రం కూడా పోశాడు."

"ఇంకోటా? ఎవరికి?"

"ఆ రెండో మిషను కొనుక్కున్నవాళ్ళకి. వంతెన అవతల చిన్న మిల్లు..."

మాట పూర్తి కాకుండానే ఇద్దరి చూపులూ ఆ అమ్మాయి మీదికి వెళ్ళాయి.

"అక్కడా ఉంది బాబాయ్," అంది. "ఆ చప్పుడు. టక్, టక్, టక్. మిల్లంటే అలాగే ఉంటుందనుకున్నా. దానికి తగ్గట్టే చీపురు వేసుకుంటూ పోతా."

"సన్నగా ఉందా?"

"చేరినప్పుడు సన్నగానే ఉండేది. ఇప్పుడు నా చీపురు చప్పుడు నాకే వినపడట్లేదు."

నిదానం లేచాడు. "మిషను ఎన్నింటికి వేస్తారు?"

"ఇవాళ్టికి కట్టేశారు. మళ్ళీ పొద్దున మిల్లు కూత కూయగానే."

"రేపు నువ్వు లోపలికి వెళ్ళొద్దు. మీరు మాత్రం నాతో రావాలి," అన్నాడు ముసలాయనతో. ఆ దారినే వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టాడు: ఎగిరిపడని చక్రం చూపిస్తా, రా.

మర్నాడు పొద్దున కూత కూసేసరికి నిదానం వంతెన దాటుతూనే ఉన్నాడు. ముసలాయన కాళ్ళు అంతకన్నా సాగలేదు. మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల మిషను అందుకుంది. దాని హోరు కింద, వద్దన్నా వినిపిస్తోంది: టక్, టక్, టక్. చక్రానికి బారెడు దూరంలో ఇద్దరాడవాళ్ళు సంచుల మూతులు కుడుతున్నారు.

మిల్లు యజమానురాలు అడ్డం వచ్చింది. "ఎవరయ్యా మీరు? ఎక్కడికి దూసుకుపోతున్నారు?"

నిదానం ఆమెని తప్పించుకుని లోపలికి నడిచాడు. గోడ పక్కన మిషను ఆపడానికి బెల్టు జార్చే కర్ర కనిపించింది. రెండు చేతులతో పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగాడు. బెల్టు పక్కకి జారింది. చక్రం ఇంకొన్ని చుట్లు తిరిగి, మూలిగి, ఆగింది.

"అయ్యో, నా మిషను! పట్టుకోండ్రా ఈ ముసలాణ్ణి!"

"పట్టుకోనక్కర్లేదమ్మా, నేను చూస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆ అంకెతోనే గడిపినట్టుంది. "మూత విప్పించండి."

మూత తీశారు. ముసలాయన చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డతో పళ్ళ మొదళ్ళు ఆరేలా తుడిచాడు. సుద్ద పొడి చేసి పల్చగా పులిమాడు. "ఆగండి," అన్నాడు. "పగులుంటే లోపల దాక్కున్న చమురు బయటికొస్తుంది."

కాసేపటికి ఒక పన్ను మొదట్లో, తెల్లటి సుద్ద మీద, వెంట్రుకంత నల్లగీత పుట్టింది. అది అలా అలా పాకి పన్ను ఈ పక్కనించి ఆ పక్కకి వెళ్ళిపోయింది. కుట్టు పని ఆడవాళ్ళలో ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి జరిగింది.

ఇన్‌స్పెక్టరు అక్కణ్ణించి వేలు పెట్టి లెక్కపెట్టాడు. ముప్పై రెండోదాని మీద గీత. మళ్ళీ ముప్పై రెండు. గీత. ఇంకో ముప్పై రెండు. వేలు బయల్దేరిన చోటికే వచ్చింది.

"దీనిలో ఎవరూ బోల్టు వెయ్యలేదు," అన్నాడు నిదానం.

ఇన్‌స్పెక్టరు వేలికంటిన చమురు చూసుకున్నాడు. "వెయ్యలేదు. ఆ బోల్టు ఆ గుంటలో ఎలా మొలిచిందో మేనేజర్నే అడుగుతా. పరుగెత్తడానికి వాడికి పెద్ద టైమివ్వను." తర్వాత ముసలాయన పక్కన వంగి, గొంతు తగ్గించి, "మీరు స్టేషనుకొచ్చి చెప్తారా బాబాయ్?" అన్నాడు.

"చెప్తా. అల్లుడి ఎదురుగానే చెప్తా."

ఇన్‌స్పెక్టరు జీపులో ముందు వెళ్ళిపోయాడు. కూతురు గేటు బయట కాచుకుని ఉంది. ముగ్గురూ వంతెన మీదుగా నడిచి వచ్చారు. ఆ అమ్మాయి తండ్రి మోచెయ్యి వదల్లేదు.

స్టేషను మెట్ల దగ్గర ముసలాయన ఆగిపోయాడు. "నువ్వెళ్ళమ్మా. ఒక్క నిమిషం," అని మెట్టు మీద కూలబడ్డాడు. కూతురు నిదానం వంక చూసింది. ఆయన తలూపాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

పదింటికి ఇంకా చాలా టైముంది. నిదానం కూడా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. లోపల తాళం తీసిన చప్పుడైంది. ఆ వెంటనే ఆ అమ్మాయి ఏడుపు, దాన్ని ఊరుకోబెట్టే మగగొంతు. "మామయ్యేడీ?" అని ఆ గొంతు అడిగింది.

ముసలాయన చెయ్యి చాచాడు. నిదానం పట్టుకుని లేపాడు.